జుట్టు రాలుతోందా? నూనె మార్చే ముందు కారణం వెతకండి

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో జుట్టు రాలితే ముందుగా నింద పడేది బోరు నీటి మీదనే. లవణాలు ఎక్కువగా ఉన్న నీటితో వెంట్రుకలు బిరుసెక్కి మధ్యలో తెగవచ్చు గాని, బట్టతలకు ఆ నీరే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. ఆ నీటిలో ఉండే ఫ్లోరైడ్ ప్రధానంగా దెబ్బతీసేది పళ్లను, ఎముకలను. అందువల్ల జుట్టు ఏ తీరుగా రాలుతోందో ముందు గమనించాలి.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. అంతకు మించి తల అంతటా రాలుతుంటే రెండు మూడు నెలల వెనుక ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరమో, కాన్పో, ఆపరేషనో, తిండి మానేసి బరువు తగ్గడమో జరిగి ఉంటే, ఆ దెబ్బకు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి, తర్వాత ఊడిపోతాయి. చాలామందిలో ఇది ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది; పేరు మాత్రం ఆ సమయంలో వాడిన నూనెకు దక్కుతుంది.

ఆడవారిలో తరచుగా కనిపించేది రక్తహీనత. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని, లోపం తేలితేనే మాత్రలు వాడాలి. తోటకూర, పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. నిమ్మకు మన నకిరేకల్ వైపు కొదవ లేదు. అన్నం తిన్న వెంటనే టీ తాగడం మాత్రం మానాలి.

నుదుటి పక్కల, నడినెత్తిన పలుచబడుతుంటే అది చాలావరకు వంశపారంపర్యమే. దీనికి పనిచేసే మందు తలకు పూసుకునే మినాక్సిడిల్. మొదటి వారాల్లో రాలడం కాస్త పెరిగినా భయపడి మానకూడదు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఆపేస్తే వచ్చిన జుట్టు మళ్లీ పోతుంది. ఇదే సమస్యకు వాడే ఫినాస్టెరైడ్ మాత్రను డాక్టరు రాస్తేనే మగవారు వాడాలి, గర్భిణులు అసలు వాడకూడదు. యాదగిరిగుట్టలో తలనీలాలు మొక్కు కోసం ఇవ్వవచ్చు గాని, గుండు గీయిస్తే జుట్టు ఒత్తుగా రాదు, ఎందుకంటే కత్తి కుదుళ్ల దాకా పోదు.

పేనుకొరుకుడుకు పేలతో సంబంధం లేదు. శరీర రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల గుండ్రంగా జుట్టు ఊడుతుంది. దానికి గురివింద గింజ నూరి పూయడం ప్రమాదకరం, ఆ గింజ విషం. పిల్లల తలలో పొట్టు లేచి జుట్టు ఊడితే అది తామర కావచ్చు. దానికి పైపూత చాలదు, నోటి మందు కావాలి. మచ్చపడి చర్మం నున్నగా మారుతుంటే ఆ చోట మళ్లీ జుట్టు మొలవదు కాబట్టి, ఆలస్యం చేయకుండా చర్మవైద్యునికి చూపించాలి.