దసరా గిరాకీకి వెబ్‌సైట్ పెడుతున్నారా? పేరు కొనేముందు ఈ జాగ్రత్తలు చూడండి

బతుకమ్మ, దసరా దగ్గరపడితే వరంగల్ కొత్తవాడ మగ్గాల వాళ్లకు, హనుమకొండ బట్టల దుకాణాల వాళ్లకు ఊపిరి తిరగదు. ఆ హడావుడిలోనే వెబ్‌సైట్ ఆలోచన వస్తుంది. తెలిసిన అబ్బాయికి నాలుగు పైసలిచ్చి, పేరుతో సహా అంతా నువ్వే చూసుకో అని వదిలేస్తారు. సైట్ ఎవరితోనైనా చేయించుకోండి, తప్పులేదు. పేరు మాత్రం మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో, మీరే కొనండి. అదీ పండగకు రెండు, మూడు నెలల ముందే.

సైట్ పేరునే డొమైన్ అంటారు. దాన్ని కొన్నామని అంటాం గానీ అది ఏటేటా కట్టుకోవాల్సిన కిరాయి. ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకు కట్టొచ్చు. ఈ పేర్లు అమ్మే కంపెనీ (రిజిస్ట్రార్) దగ్గర ఖాతా ఎవరిదైతే పేరు మీద పట్టు వారిదే. ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాడనుకోండి, రెన్యువల్ నోటీసులు అతను తెరవని పాత మెయిల్‌కు పోతూనే ఉంటాయి. సరిగ్గా పండగ వారంలో ఎవరో కస్టమర్ ఫోన్ చేసి "మీ సైట్ రావట్లేదండీ" అంటేగానీ మీకు తెలియదు. డాట్ కామ్ పేరైతే, రిజిస్ట్రార్ ఇచ్చే కొద్దిరోజుల గడువు దాటాక మరో 30 రోజులు భారీ రుసుము కడితేనే తిరిగి వస్తుంది. అదీ అయిపోతే ఇంకో 5 రోజుల్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా వదిలేసిన పేర్లను బెట్టింగ్ సైట్ల వాళ్లు ఎత్తుకుపోవడం కొత్తేమీ కాదు.

ఇక పేరు ఎంపిక. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టడంలోనే అసలు చిక్కంతా ఉంది. కొత్తవాడ అనే రాద్దాం. టి ఒకటా, రెండా? పక్కన హెచ్ ఉందా? 'వాడ'కు డబ్ల్యూ పెట్టాలా, వి పెట్టాలా? దానికి 'దర్రీస్' (నేత తివాచీలు) తగిలిస్తే ఇంకో తంటా, అందులో డి పక్కన హెచ్ పెట్టేవాళ్లూ ఉన్నారు, పెట్టనివాళ్లూ ఉన్నారు. అందుకే జమ్మికుంటలోనో మంచిర్యాలలోనో ఉన్న చుట్టాలకు ఫోన్ చేసి, పేరు ఒక్కసారే చెప్పి, టైప్ చేసి వాట్సాప్‌లో పంపమనండి. తలా ఒక రకంగా రాస్తే ఆ పేరు వదిలేయండి, లేదా రెండో స్పెల్లింగ్ కూడా కొనేయండి. మధ్యలో డ్యాష్‌లు, అంకెలు వద్దు.

వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ పేరు అక్కడి నేత సరుకుకే చెల్లుతుంది. ఆ పేరు నేతన్నలందరి కష్టం. మిల్లు సరుకు అమ్ముతూ దాన్ని సైట్‌కు పెట్టుకోవడం అన్యాయం, చట్టంతోనూ చిక్కే. పెద్ద బ్రాండ్‌ను పోలిన పేరైనా అంతే. వాళ్లు ఫిర్యాదు చేస్తే పేరు చేజారిపోతుంది. మీకు నచ్చిన పేరు గతంలో ఎవరిదో పాత వెబ్‌సైట్ల కాపీలు దాచే వేబ్యాక్ మెషిన్ సైట్‌లో చూడండి, పాత మచ్చలేమైనా ఉంటే బయటపడతాయి.

డాట్ ఇన్‌ను మన దేశంలో నిక్సీ అనే సంస్థ నడుపుతుంది. ఇక్కడి గిరాకీకి అది చక్కగా సరిపోతుంది. డాట్ కామ్ కూడా ఖాళీగా ఉంటే రెండూ తీసుకోండి.

కొనేటప్పుడు మొదటి ఏడాది ధర చూసి మురిసిపోవద్దు, రెండో ఏడు రెన్యువల్ ఎంతో చూడండి. డాట్ కామ్ కొన్నాక ఈమెయిల్ నిర్ధారించమని లింకు వస్తుంది. 15 రోజుల్లో నొక్కకపోతే పేరు ఆపేస్తారు. ఖాతాకు ఓటీపీ రక్షణ, ఆటో రెన్యువల్ రెండూ పెట్టుకోండి, కార్డు గడువు తీరినప్పుడు కొత్తది ఎక్కించండి. "మీ డొమైన్ ఈరోజే పోతుంది, వెంటనే కట్టండి" అని మెయిల్ వస్తే టెన్షన్ పడి అందులోని లింకు నొక్కకండి. నేరుగా మీ ఖాతాలోకి వెళ్లి తేదీ చూసుకోండి.

ఇప్పటికే పేరు వేరేవాళ్ల ఖాతాలో ఉందా? వారితో మంచిగా మాట్లాడి, అదే రిజిస్ట్రార్‌లో మీ ఖాతాకు మార్పించుకోండి. వేరే రిజిస్ట్రార్‌కు తరలించాలంటే వారి దగ్గర ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య కోడ్) తీసుకోవాలి. కొత్తగా కొన్న డాట్ కామ్‌ను 60 రోజులదాకా సాధారణంగా కదల్చనివ్వరు. హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే చోటు) మార్చి నేమ్ సర్వర్లు (పేరును ఆ చోటికి చూపే సెట్టింగు) తిప్పితే, అందరికీ కొత్త సైట్ కనిపించడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. కాబట్టి ఈ పనులేవైనా ఎంగిలిపూల బతుకమ్మకు ముందే ముగించండి, సద్దుల బతుకమ్మ అయ్యేదాకా ఆ సెట్టింగుల జోలికి పోకండి.