గుడారం దగ్గర ఎవరూ లేనప్పుడు సామాను పోకుండా చూసుకోవడం

విజయవాడ నుంచి కొండపల్లి కొండలకో, గుంటూరు నుంచి కొండవీటికో వెళ్లి గుడారం వేసుకునేవారు రాత్రి కంటే, అందరూ కలిసి కోట చూడటానికో స్నానానికో వెళ్లే పగటి గంట గురించి ఎక్కువ ఆలోచించాలి. వంతులు వేసుకొని ఒకరైనా గుడారం దగ్గర ఉండటమే అన్నిటికంటే నమ్మదగిన ఏర్పాటు. రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి తీసుకున్నాకే వెళ్లాలి.

బయలుదేరే ముందే ఫోనులో *#06# నొక్కి ఐఎంఈఐ సంఖ్యను (ఒక్కో ఫోనుకు వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య), కెమెరా ఉంటే దాని సీరియల్ నంబరును రాసి, ఫోను కొన్న బిల్లు ఫొటోతో కలిపి ఇంట్లోవారికి పంపాలి. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ ప్రభుత్వ యాప్ అయిన డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతాయి కనుక అసలు పత్రాలను మోసుకెళ్లనక్కరలేదు. ఫోను, డబ్బు, బండి తాళాలు నడుముకు కట్టుకునే సంచిలో ఉండాలి. కారులో వదలవలసిన వస్తువులను అక్కడికి చేరాక నలుగురి ఎదుట కాకుండా, దారిలోనే డిక్కీలో సర్దుకోవాలి. గుడారం జిప్పుకు వేసే చిన్న తాళాన్ని నేను నమ్మను. బ్లేడుతో కోస్తే తెగే గుడ్డకు తాళం వేస్తే, లోపల విలువైనదేదో ఉందని చెప్పినట్లే అవుతుంది.

పోయిన ప్రతి వస్తువూ దొంగ చేతిలోకే వెళ్లదు. తిండి వాసన తగిలితే కోతులు సంచినే లాక్కుపోతాయి కాబట్టి తినుబండారాలను గట్టి మూత గల స్టీలు డబ్బాలలో పెట్టాలి. ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెల మీద గుడారం వేయనే కూడదు, గేట్లు ఎత్తితే నీరు అక్కడికి వస్తుంది. అప్పుడు సామాను కంటే ముందు ప్రాణానికే ముప్పు. వస్తువు కనబడకపోతే ముందు చుట్టుపక్కల పొదలు వెతకాలి. ఆ దారిన మేకలు తోలుకొచ్చినవారిని అనుమానించడం అన్యాయం. చుట్టూ జరిగేది గమనించేది వారే కనుక, మర్యాదగా అడిగితే ఎవరు వచ్చి వెళ్లారో చెప్పగలిగేదీ వారే.

దొంగతనమేనని తేలితే దేన్నీ కదపకుండా ఫొటోలు తీయాలి. ఫోను పోతే మరొకరి ఫోనుతో మొదట సిమ్‌ను, వెంటనే బ్యాంకు, యూపీఐ సేవలను ఆపించాలి. ఖాతాలో డబ్బు పోయినట్లు తెలిస్తే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి. ఆ తరువాత పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు, నమోదైన దాని ప్రతిని ఉచితంగా పొందవచ్చు. అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకొని, ఫిర్యాదు ప్రతితో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే, ఆ ఫోను దేశంలోని ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా నిలిపివేస్తారు. అప్పుడు ఇచ్చే అభ్యర్థన సంఖ్యను దాచుకోవాలి, ఎందుకంటే ఫోను దొరికాక దాన్ని తిరిగి పనిచేయించడానికి ఆ సంఖ్యే అడుగుతారు.