అడ్డా కూలీలపై చిన్న క్షేత్ర పరిశోధన ఎలా చేయాలి?

హైదరాబాద్‌లో ఉదయం ఆరున్నర ప్రాంతంలో కూకట్‌పల్లి, ఎల్బీ నగర్, ఉప్పల్ వంటి చోట్ల ఏ పెద్ద కూడలి మీదుగా వెళ్లినా, చేతిలో టిఫిన్ డబ్బా, సంచిలో తాపీ లేదా రంగుల బ్రష్షులు పెట్టుకుని రోడ్డు వారన నిలబడిన మనుషులు కనిపిస్తారు. దీన్ని అడ్డా అంటారు. ఆ రోజు పని దొరుకుతుందో లేదో అక్కడే తేలుతుంది. సమాజశాస్త్రాల సిద్ధాంతాలను, పద్ధతులను పుస్తకంలో చదివినవారు వాటిని ఒకసారి చేతులతో వాడి చూడాలనుకుంటే ఇంతకన్నా దగ్గరి చోటు దొరకదు. రెండు నెలల ఆదివారాలు, కొన్ని పనిదినాల ఉదయాలు, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు.

ముందుగా ప్రశ్నను చిన్నది చేసుకోవాలి

"అడ్డా కూలీల జీవన స్థితిగతులు" అనేది ప్రశ్న కాదు, సెమినార్ బ్యానర్ మీద రాసుకునే శీర్షిక మాత్రమే. దానితో బయలుదేరినవారు తిండి, అద్దె, పిల్లల చదువు, జబ్బులు అన్నీ అడిగి, చివరికి దేని గురించీ గట్టిగా చెప్పలేకపోతారు. ఒక్క సంగతి తీసుకోండి: నగరానికి కొత్తగా వచ్చిన కూలీకి పని ఎవరి ద్వారా దొరుకుతోంది, పదేళ్లుగా ఇక్కడే ఉన్నవాడికి ఎవరి ద్వారా దొరుకుతోంది? ఈ వ్యాసంలోని మిగతా మెట్లన్నీ ఈ ప్రశ్న చుట్టూనే నడుస్తాయి.

సిద్ధాంతాన్ని ఎంచుకోవడం

సిద్ధాంతం చేసే పని ఒక్కటే: కళ్ల ముందు కనిపించే వందల విషయాల్లో దేన్ని చూడాలో అది చెబుతుంది. మన ప్రశ్నకు సరిపోయేది అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రతిపాదించిన బలహీన బంధాల వాదన. బోస్టన్ సమీపంలోని న్యూటన్‌లో కొత్తగా ఉద్యోగం మారినవారిని ఆయన ప్రశ్నించారు. పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించినవారిలో 16.7 శాతం మంది ఆ పరిచయస్థుణ్ణి తరచుగా కలిసేవారు, 55.6 శాతం మంది అప్పుడప్పుడు, 27.8 శాతం మంది ఎప్పుడో అరుదుగా కలిసేవారు. దగ్గరివాళ్లకు తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది కాబట్టి, కొత్త కబురు దూరపు పరిచయస్థుడి దగ్గరనుంచే వస్తుందని ఆయన వివరించారు.

అయితే ఆయన అడిగింది వృత్తినిపుణులను, సాంకేతిక, నిర్వాహక ఉద్యోగులను. అడ్డా మీద లెక్క తిరగబడవచ్చు. ఒక మేస్త్రీ నలుగురు కూలీలను పనికి తీసుకెళ్లాక వారిలో ఒకడు మధ్యాహ్నమే మాయమైతే ఇంటి యజమాని ముందు మాట పడేది మేస్త్రీయే. అందుకే అతడు తన ఊరివాణ్ణో, బావమరిదినో పిలుచుకోవచ్చు. అంటే ఇక్కడ కబురు కన్నా నమ్మకం విలువైనది కావచ్చు. ఈ రెండు అంచనాలనూ, ఏది కనిపిస్తే మీ అంచనా తప్పని ఒప్పుకుంటారో దాన్నీ అడ్డా మీదికి వెళ్లకముందే తేదీ వేసి రాసిపెట్టుకోవాలి. ఏ సిద్ధాంతమూ వెంట తీసుకెళ్లకుండా, సేకరించిన సమాచారం నుంచే దాన్ని నిర్మించాలనే పద్ధతి కూడా ఉంది. సమాజశాస్త్రవేత్తలు గ్లేజర్, స్ట్రాస్ 1967లో దానికి రూపమిచ్చారు. మంచి పద్ధతే కానీ, మొదటిసారి వెళ్లేవారికి నేను దాన్ని సూచించను, ఎందుకంటే దేన్ని వదిలేయాలో తెలియక వారు అన్నీ రాసుకుంటూ కూర్చుంటారు.

ఉన్న సమాచారాన్ని చదవడం

బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఈ పనికి ఉపయోగపడే చోట్లు. నగరానికి దగ్గర్లోని శామీర్‌పేట గ్రామంపై ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.సి. దూబే చేసిన అధ్యయనం 1955లో పుస్తకంగా వచ్చింది; ఒక చోటును ఎంత ఓపికగా చూడవచ్చో అందులో తెలుస్తుంది. జనగణన పట్టికలు చూసేటప్పుడు నిర్వచనాలు ముందు చదవండి. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేసినవారినే 2011 జనగణన ప్రధాన కార్మికులుగా లెక్కించింది. వానాకాలం ఊళ్లో వ్యవసాయం, ఎండాకాలం నగరంలో తాపీ పని చేసే పాలమూరు మనిషి ఏ గడిలో పడ్డాడో పట్టిక చూసి చెప్పలేం.

మొదటి నాలుగు ఉదయాలు ఏమీ అడగకూడదు

టీ బండి దగ్గర నిలబడి చూడండి. అర్ధగంటకోసారి మనుషులను లెక్కపెట్టండి. బైకు ఆగగానే ఎందరు చుట్టుముడతారు, ఎవరు కదలకుండా అక్కడే నిలబడతారు, బేరం ఎవరు ఆడతారు, మహిళలు ఎక్కడ నిలబడతారు అన్నవి రాసుకోండి. కదలకుండా నిలబడినవాడి ఫోను మోగి, అతడు ఇద్దరిని సైగ చేసి పిలుచుకుని వెళ్లిపోవడం ఒకసారి చూస్తే, అడ్డా మీద కనిపించే బేరం వెనుక కనిపించని బేరం ఇంకొకటి ఉందని అర్థమవుతుంది. ఏ రోజు నోట్సు ఆ రోజే విడమరచి రాసి, నకలు వేరే చోట దాచండి. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో కర్ణాటకలోని రాంపుర గ్రామంలో చేసిన పరిశోధన తాలూకు క్రోడీకరించిన నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో అగ్నికి ఆహుతి కాగా, ఆయన ప్రధానంగా జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాయవలసి వచ్చింది. ఆ జ్ఞాపకశక్తి మనకు ఉండదు.

ప్రశ్నలు రాయడం, మార్చడం

నా మొదటి ప్రయత్నంలో నలభై ప్రశ్నల ముద్రిత ఫారం, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని వెళ్లాను. ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికిందని అడిగితే దాదాపు అందరూ తొంభైకి పైనే చెప్పారు. మూడో రోజు ఒక పెద్దాయన "లేబర్ కార్డు ఎప్పుడిస్తరు సార్?" అని అడిగేదాకా నాకు సంగతి తెలియలేదు. అప్పట్లో అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం సంక్షేమ బోర్డులో పేరు నమోదై లేబర్ కార్డు రావాలంటే, వయసు 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, అంతకుముందు పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు పనిచేసి ఉండాల్సి వచ్చేది. నా ఫారాన్ని వాళ్లు ఆ దరఖాస్తు అనుకున్నారు. తప్పు వాళ్లది కాదు. ఆ సమాచారమంతా పక్కన పడేశాను.

అందుకే ఫారం తీయకముందే మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో, దీనివల్ల ఏ పథకమూ రాదని స్పష్టంగా చెప్పండి. "సాధారణంగా మీకు పని ఎలా దొరుకుతుంది?" అంటే "ఇక్కడికి వస్తే దొరుకుతది" అనే జవాబే వస్తుంది. "చివరిసారి పనికి ఎవరు పిలిచిండ్రు? ఆయన మీకు ఎట్ల తెలుసు?" అని అడిగితే పేరు, ఊరు, కథ బయటికి వస్తాయి.

బంధం బలాన్ని కొలవడంలోనే అసలు చిక్కు ఉంది. వారానికి కనీసం రెండుసార్లు కలిస్తే తరచుగా అని, ఏడాదికి ఒకసారి లేదా అంతకన్నా తక్కువైతే అరుదుగా అని గ్రానోవెటర్ కొలత పెట్టుకున్నారు. అడ్డా మీద ప్రతివాడూ ప్రతివాణ్ణీ రోజూ చూస్తాడు. ఆ కొలత వాడితే అందరూ ఆప్తులే అవుతారు, సిద్ధాంతం తప్పని సులువుగా తేల్చేయవచ్చు, ఆ తేల్చడమూ తప్పే అవుతుంది. కొలతను ఇక్కడి జీవితంలోంచి తీసుకోవాలి: ఆయన ఇంట్లో పెళ్లికి వెళ్లారా, ఊరికి డబ్బు ఆయన చేత పంపుతారా, జ్వరమొస్తే ఆయనకు ఫోన్ చేస్తారా? ఈ మూడింటిలో రెండింటికి అవునంటే బలమైన బంధం అని ముందే నిర్ణయించుకుని, పదిమందిపై పరీక్షించాకే ఖాయం చేయండి.

ఎవరిని అడగాలి?

1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు 24 లక్షల జవాబులు సేకరించి కూడా అధ్యక్ష ఎన్నికల ఫలితాన్ని తలకిందులుగా ఊహించింది. చిరునామాలను ప్రధానంగా టెలిఫోన్, కారు యజమానుల జాబితాల నుంచి తీసుకోవడం, తిరిగి జవాబు పంపినవారు మిగతా వారిలాంటివారు కాకపోవడం దానికి కారణాలుగా చెబుతారు. అడ్డా మీద అదే ఉచ్చు ఇంకో రూపంలో ఉంటుంది. తొమ్మిది గంటలకు తీరిగ్గా మాట్లాడేవాడు ఆ రోజు పని దొరకనివాడు. మంచి పరిచయాలున్నవాడు ఆరూ నలభైకే వెళ్లిపోయి ఉంటాడు. కాబట్టి ఆరు గంటలకే చేరి, వచ్చేవారిలో ప్రతి ఐదో వ్యక్తిని గుర్తుపెట్టుకుని, ఒప్పుకుంటే ఫోన్ నంబరు తీసుకుని, సాయంత్రం వారుండే గదుల దగ్గర మాట్లాడండి. పని ఇచ్చేవాడు వచ్చి నిలబడితే మాట మధ్యలో ఉన్నా పక్కకు తప్పుకోవాలి. మీ ముఖాముఖి వల్ల ఒకరి రోజుకూలి పోకూడదు. మహిళలతో మాట్లాడటానికి మహిళా సహచరి ఉండటం మంచిది. ఫొటోలు వద్దు, నోట్సులో అసలు పేర్లు వద్దు.

పట్టిక, తర్వాత మళ్లీ అడ్డా

నలభై, యాభై మందితో మాట్లాడాక పట్టిక వేయడం కష్టం కాదు: అడ్డంగా నగరంలో గడిపిన ఏళ్లు, నిలువుగా పని చూపించినవారితో బంధం. ఒకటి రెండు అడ్డాలను చూసి హైదరాబాద్ అంతటికీ శాతాలు ప్రకటించకండి. ఎన్ని అడ్డాలు, ఏ నెలలు, ఎందరు మాట్లాడటానికి నిరాకరించారు అన్నవి నివేదికలోనే రాయండి. రాసిన చిత్తుప్రతిని మాత్రం అడ్డా మీదికి తీసుకెళ్లి చదివి వినిపించండి. నేనలా వినిపించినప్పుడు, ఒక మేస్త్రీని ఒక తాపీ కూలీకి దగ్గరి స్నేహితుడిగా వర్గీకరించిన వాక్యం దగ్గర ఆ కూలీ నవ్వాడు. "దోస్తేంది సార్, ఆయనకు నేను ఇరవై వేలు బాకీ ఉన్న. అందుకే రోజూ నన్నే పిలుస్తడు." ఆ సాయంత్రం పట్టికలో బాకీకి కొత్త గడి చేర్చి, అప్పటికి మాట్లాడిన వారందరికీ మళ్లీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను.