లఘుచిత్రానికి ఆర్‌ఆర్ నుంచి తుది మిక్సింగ్ దాకా

మన చిత్రసీమలో రీ-రికార్డింగ్ అంటే, వాడుకలో ఆర్‌ఆర్ అంటే, నేపథ్య సంగీతం కూర్చడం. హాలీవుడ్‌లో అదే మాటకు సంభాషణలను, శబ్దాలను, సంగీతాన్ని కలిపే తుది మిక్సింగ్ అని అర్థం. పేరు ఏదైనా ఈ రెండు పనులనూ ఒకే ఆలోచనతో చేయాలి. మాట ఎక్కడ ఉందో, వర్షం చప్పుడు ఎక్కడ రాబోతోందో తెలియకుండా కట్టిన బాణీ ఎంత బాగున్నా, మిక్సింగ్‌లో దాన్ని తగ్గించక తప్పదు. పది పదిహేను నిమిషాల చిత్రాన్ని సొంత కంప్యూటర్ మీద పూర్తిచేయదలచినవారి కోసం ఆ పని వరుసను ఇక్కడ వివరిస్తున్నాను.

ఇక ఒక్క ఫ్రేము కూడా మారదని దర్శకుడు, ఎడిటర్ ఇద్దరూ ఖాయం చేసిన తరువాతే పని మొదలుపెట్టాలి. టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ గంట, నిమిషం, సెకను, ఫ్రేము లెక్కన ఇచ్చే సంఖ్య) కనిపించే వీడియోను, ఎడిటింగ్‌లోని ధ్వనిని విడివిడి ట్రాకులుగా ఆడియో సాఫ్ట్‌వేర్‌కు చేరవేసే ఏఏఎఫ్ ఫైలును ఎడిటర్ దగ్గర తీసుకొని, ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టును 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌ల ధ్వని నాణ్యతతో తెరవాలి. వీడియో సెకనుకు 24 ఫ్రేములదా, 23.976 ఫ్రేములదా అన్నది మొదటి రోజే అడగాలి. ఒకదాన్ని మరొకటిగా పొరబడితే వచ్చే తేడా వెయ్యో వంతే అయినా, పది నిమిషాలు గడిచేసరికి అది 0.6 సెకనుకు, అంటే దాదాపు 14 ఫ్రేములకు చేరి, పెదవి ఒకచోట, మాట మరొకచోట పడతాయి.

తరువాత దర్శకుడితో కూర్చొని చిత్రాన్ని ఆపుతూ ఆపుతూ చూసి, సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో టైమ్‌కోడ్‌తో సహా రాసుకోవాలి. సంగీతం అక్కరలేని చోట్లను ముందుగా గుర్తించడం మేలు. ఎడిటింగ్‌లో తాత్కాలికంగా వాడిన వేరే సినిమా సంగీతానికి దర్శకుడి చెవి అప్పటికే అలవాటుపడి ఉంటుంది కనుక, అందులో ఆయనకు నచ్చింది వేగమా, వాద్యమా, భావమా అని అడిగి తెలుసుకొని, ఆ ట్రాకును మ్యూట్ చేయాలి.

లయను దృశ్యం నిడివి నుంచే లెక్కగట్టవచ్చు. ఉదాహరణకు, సంగీతం మొదలైన 20 సెకన్లకు తలుపు తెరుచుకుంటుందనీ, సరిగ్గా అక్కడ సమం, అంటే తాళం చుట్టులో మొదటి దెబ్బ, పడాలనీ అనుకుందాం. ఆదితాళంలో ఒక ఆవర్తనానికి, అంటే ఒక చుట్టుకు, ఎనిమిది అక్షరాలు (దెబ్బలు), నాలుగు ఆవర్తనాలకు 32 అక్షరాలు. వాటిని 20 సెకన్లలో ముగించాలంటే నిమిషానికి 96 అక్షరాల వేగం కావాలి, అప్పుడు ఒక్కో అక్షరానికి సరిగ్గా 15 ఫ్రేములు వస్తాయి. లెక్క ఇంత చక్కగా కుదరనప్పుడు, వేగాన్ని మధ్యలో వినిపించనంత మెల్లగా మార్చుకోవచ్చు, లేదా తాళం లేకుండా ఆలాపనలా నడిపించవచ్చు. అయితే ప్రతి కదలికకూ ఒక దెబ్బ వేస్తే గంభీరమైన దృశ్యం కూడా హాస్యంగా మారుతుంది. సన్నివేశానికి ఒకటి రెండు చోట్ల కలిస్తే చాలు.

సంభాషణ నడుస్తుండగా వేణువు, వయొలిన్ వంటి వాద్యాలతో రాగాన్ని సాగదీస్తే అవి కంఠస్వరంతో పోటీపడతాయి. మాట కింద దీర్ఘమైన మంద్రస్వరాలు ఉంచి, బాణీని వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉన్న ఖాళీలో పలికించడం మంచిది. శోకమనగానే శివరంజని రాగాన్ని అందుకునే అలవాటును, కనీసం మొదటి ప్రయత్నంలోనైనా, పక్కన పెట్టమని నా మనవి.

ఇక శబ్దం పనిలో ఎక్కువ సమయం సంభాషణలకే కేటాయించాలి. షూటింగ్ జరిగిన ప్రతి చోటా, అందరినీ మౌనంగా ఉండమని, ఒక నిమిషం పాటు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయించాలి. మాటల మధ్య దగ్గునో హారన్‌నో కత్తిరించినప్పుడు ఆ ఖాళీని నింపేది అదే. ఉత్త ఖాళీని వదిలితే శబ్దం తెగిపోయినట్టు ప్రేక్షకుడికి వెంటనే తెలుస్తుంది. ఫ్యాను చప్పుడును తొలగించే సాధనాలను మితంగానే వాడాలి, ఎందుకంటే అతిగా వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. బాగుపడని వాక్యాలను డబ్బింగ్ చెప్పించి, చుట్టూ ఉన్న మాటల ధ్వనికి సరిపోయేలా కొద్దిగా గది ప్రతిధ్వని కలపాలి. అడుగులు, గాజులు, చీర కుచ్చిళ్ల సవ్వడి వంటి ఫోలీ శబ్దాలను తెరను చూస్తూ విడిగా చేసుకోవాలి.

మిక్సింగ్‌లో ముందు సంభాషణల స్థాయిని చిత్రమంతటా సమం చేసి, దాని చుట్టూ శబ్దాలను, చివరగా సంగీతాన్ని చేర్చాలి. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌ను (చెవికి వినిపించే సగటు బిగ్గరతనానికి కొలమానం) మించిన ధ్వనిని తనంతట తానే తగ్గిస్తుంది కాబట్టి, అంతకన్నా బిగ్గరగా నొక్కి పంపడం వృథా. థియేటర్ సంగతి వేరు: ఒక ఫ్రేము సమయంలో ధ్వని సుమారు 14 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది కాబట్టి, పెద్ద హాలులో వెనుక వరుసకు పెదవుల కదలిక కన్నా మాట కాస్త ఆలస్యంగా అందుతుంది, ఆ ఆలస్యాన్ని విని మిక్సింగ్‌ను సవరించకూడదు.

చివరగా సంభాషణలు, సంగీతం, శబ్దాలు మూడింటినీ పూర్తి నిడివితో మూడు వేర్వేరు ఫైళ్లుగా భద్రపరచాలి. రేపు తమిళంలోకో హిందీలోకో డబ్బింగ్ చేయవలసి వస్తే, సంభాషణల ఫైలు మార్చి మిగిలిన రెండింటినీ అలాగే వాడుకోవచ్చు.