కొద్దికాలం ఎంపీగా ఉన్నవారి గురించి రాయాలంటే ముందు తేదీలు తేల్చుకోండి

కొన్ని నెలలకే పదవి వదిలిన ఎంపీ గురించి రాసేటప్పుడు ఎందుకొచ్చారు, ఎందుకు వెళ్లారు అన్నదే అసలు కథ. అది తేదీల్లోనే దొరుకుతుంది.

1991లో నంద్యాల నుంచి గెలిచిన గంగుల ప్రతాపరెడ్డినే తీసుకోండి. జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి పి.వి. నరసింహారావు ఏ సభలోనూ సభ్యులు కారు. రాజ్యాంగంలోని 75(5) అధికరణ ప్రకారం ఆరు నెలల్లో ఏదో ఒక సభలో సభ్యులు కావాల్సిందే. ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. నవంబరు ఉప ఎన్నికలో పి.వి. 5,80,297 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ ఆధిక్యం గురించి పేజీలు రాసి, సీటిచ్చిన మనిషిని అరవాక్యంతో సరిపెట్టడం అన్యాయం.

నాలుగు తేదీలు విడివిడిగా రాసుకోండి: ఫలితం ప్రకటన, ప్రమాణం, రాజీనామా లేఖ, దానికి స్పీకర్ ఆమోదం. ప్రజాప్రాతినిధ్య చట్టం 67ఎ సెక్షన్ ప్రకారం రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించిన రోజే ఎన్నికైన తేదీ, పోలింగ్ రోజు కాదు. ప్రమాణం చేయనిదే సభలో కూర్చోవడానికి, ఓటు వేయడానికి వీల్లేదు. ఎక్కువ తప్పులు దొర్లేది రాజీనామా దగ్గరే. పత్రికల్లో వచ్చేది సాధారణంగా లేఖ ఇచ్చిన రోజు. సీటు ఖాళీ అయ్యేది ఆమోదంతో. ఎమ్మెల్యేగా ఉంటూ ఎంపీ అయినవారైతే ఇంకో లెక్క చూడాలి: 14 రోజుల్లో అసెంబ్లీ సీటు వదలకపోతే పోయేది ఎంపీ సీటే.

సార్వత్రిక ఎన్నికల గణాంక నివేదికలో ఉప ఎన్నిక ఫలితం ఉండదు, ఎన్నికల సంఘం దగ్గర వేరేగా వెతకాలి. సభలో మాట్లాడినవాటికి పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీ ఉంది. అక్కడ ఇంగ్లిషులో ‘ప్రతాప్’, ‘ప్రతాప’ రెండూ కొట్టి చూడండి, ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. ఒక్క స్పెల్లింగ్‌తో ఆగిపోతే ‘సభలో ఏమీ మాట్లాడలేదు’ అని తప్పు రాస్తారు.

ఆ ఎంపీ సభలో అడిగిన ప్రశ్నలు నిజంగానే లేకపోయినా తొందరపడి తీర్పు చెప్పొద్దు. ఇప్పటి లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆయన పదవిలో ఉన్నప్పుడు సభ ఎన్ని రోజులు నడిచిందో, అప్పటి గడువు ఎంతో ముందు చూడండి.

1998లో గెలిచి, 1999 ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దుతో 13 నెలలకే మాజీలైనవారు వేరే కోవ. వాళ్లను రాజీనామా చేసినవారితో ఒకే గాటన కట్టొద్దు.