వండి దాచుకుందాం – నాలుగో పాఠం: ముందు ఆకారం, తరువాతే గాజా స్టీలా

ఈసారి వేపుళ్ల సంగతి చూద్దామన్నాను. అవి ఇంకొన్నాళ్లు ఆగాలి. మూడో పాఠం చదివి సాంబారు, పప్పుచారు చల్లార్చి ఫ్రీజరులో పెట్టినవాళ్లలో చాలామందికి మర్నాడు సీసా పగిలి కనిపించింది. కొందరికి అడుగు ఊడింది, కొందరికి నిలువునా చీలిక. పగిలిన సీసాలోని సాంబారును కరిగించి వడగట్టి వాడుకోవచ్చా అని అడుగుతున్నారు కాబట్టి ముందు దానికి జవాబు: వద్దు. పప్పు పలుకుల మధ్య గాజు పలుకు జల్లెడకు చిక్కుతుందని నమ్మకం లేదు. మొత్తం పారెయ్యండి.

పగిలినవన్నీ ఒకే తీరు సీసాలు. పచ్చడి అయిపోయాక కడిగి దాచినవి, కాఫీపొడివి, తేనెవి. కింద పొట్ట, దాని మీద భుజం, ఆపైన సన్నని మెడ. ఫిర్యాదు కూడా అందరిదీ ఒకటే: ‘‘మీరు చెప్పినట్టే మూత కింద అంగుళం ఖాళీ వదిలామండీ.’’ వదిలారు. మెడలో వదిలారు. మెడలో వదిలిన అంగుళం లెక్కలోకి రాదు.

ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టని విషయం ఇది. అందుకే విడమరిచి చెబుతున్నాను. నీరు గడ్డకట్టేటప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. సీసా పొట్ట వ్యాసం 8 సెంటీమీటర్లు, మెడ వ్యాసం 4 సెంటీమీటర్లు అనుకోండి. పొట్టలో 12 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లున్నాయి. నిటారు గోడల డబ్బాలో అయితే ఆ నీళ్లు గడ్డకట్టి సెంటీమీటరు పైచిలుకు లేస్తాయి, అంతే. మెడ వైశాల్యం పొట్టలో నాలుగో వంతే కనుక, అదే పెరుగుదల మెడలో నాలుగు సెంటీమీటర్లు దాటాలి. మీరు వదిలిన అంగుళం రెండున్నర సెంటీమీటర్లు. సాంబారులో పప్పూ ముక్కలూ ఉంటాయి కాబట్టి అది నీళ్లంత పెరగదు, నిజమే. కానీ రెండో చిక్కు ఒకటుంది. చలి బయటినుంచి లోపలికి పాకుతుంది. మెడ మొదట్లో ఉన్న కాస్త పులుసు ముందు గడ్డకట్టి బిరడాలా బిగుసుకుంటుంది. పొట్ట మధ్యలోది ఆ తరువాత గడ్డకడుతుంది. దానికి పైకి దారి ఉండదు, పక్కకు నెడుతుంది. గాజు సాగదు కదా.

మూత వదులుగా పెడితే? అదీ చేసి చూశారట. లాభం లేదు, దారి మూసింది మంచు గాని మూత కాదు. మరి భుజానికి బాగా కిందే ఆపితే? సీసా నిలుస్తుంది. కానీ పైన అంత గాలి మిగిలితే ఫ్రీజరు చలికి పదార్థం పైపొర ఎండిపోయి తెల్లబడుతుంది, రుచి చప్పబడుతుంది. పైగా గడ్డ ఆ మెడలోంచి బయటికి రాదు. పూర్తిగా కరిగేదాకా దాని ముందు కూర్చోవాలి. నేను మాత్రం మెడ ఉన్న సీసాను ఫ్రీజరు తలుపు దాటనివ్వను.

బోరోసిలికేట్ గాజు కొంటే ఈ బాధ ఉండదని ఒకావిడ రాశారు. వేడికీ చలికీ మధ్య హఠాత్తుగా వచ్చే మార్పును మామూలు గాజుకంటే ఆ గాజు బాగా తట్టుకుంటుంది. లోపలినుంచి మంచు నెడితే అది వేరే కథ. నిటారు గోడల బోరోసిలికేట్ డబ్బా హాయిగా వాడుకోండి. మెడ ఉంటే ఎంత ఖరీదు పెట్టినా అంతే.

కాబట్టి కొట్లో ముందు చూడాల్సింది ఆకారం. గోడలు నిటారుగా ఉండాలి, లేదా పైకి పోయేకొద్దీ కాస్త విచ్చుకోవాలి. లోతు నాలుగు వేళ్లు మించకూడదు. అలాంటి దానికి పైన ఒక వేలు మందం ఖాళీ చాలు, త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. పలకలవి పక్కపక్కన ఒదుగుతాయి, గుండ్రటివి చోటు తింటాయి.

ఇక నా ఓటు స్టీలు డబ్బాకే. పసుపు మరక పట్టదు, ఇంగువ వాసన వదలకుండా కూర్చోదు. ఫ్రీజరులోంచి తీసి కుళాయి కింద అడుగూ పక్కలూ తడిసేలా తిప్పితే అంచు వెంట సన్నగా కరిగి గడ్డ సడలుతుంది. బోర్లించి అరచేత్తో తడితే టప్పున గిన్నెలో పడుతుంది, నేరుగా పొయ్యి మీదికి. మైక్రోవేవ్‌లో వేడి చేసుకునేవాళ్లు మాత్రం గాజుకే పోవాలి. నా దొంగదారి ఇంకొకటి ఉంది: గడ్డకట్టిన దాన్ని ఇలాగే ఊడదీసి, గాలి నొక్కేసి జిప్ కవరులో వేసి మళ్లీ ఫ్రీజరులో పెట్టేస్తాను. డబ్బా మర్నాటి వంటకు ఖాళీ. డజను డబ్బాలు కొననక్కర్లేదు. కవరు పొడిగా ఉన్నప్పుడే పేరూ తేదీ రాయండి, చెమ్మ పట్టాక పెన్ను పారదు.

ప్లాస్టిక్ గురించి రెండు ముక్కలు. అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్, ఫ్రీజరులో పెట్టొచ్చు. కానీ చలికి పెళుసవుతుంది, జారి పడితే మూల విరుగుతుంది. హోటలు పార్సిలు డబ్బాలు మరీ పలచన, వాటి మీద ఆశ పెట్టుకోకండి. అల్యూమినియం ఫాయిల్ డబ్బాల్లో గోంగూర, చింతపండు పులుసు వద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది.

పరిమాణం మాటకొస్తే, డబ్బా అంటే ఒక పూట. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లి, తిరుగు ప్రయాణానికి ముందు ఫ్రీజరు నింపి వచ్చే అమ్మలు పెద్ద పెద్ద డబ్బాల్లో పప్పు పెడతారు. అబ్బాయి ఒక్కడికి కావాల్సింది రెండు గరిటెలు. మొత్తం కరిగించి, రెండు గరిటెలు తిని, మిగతాది ఏం చేయాలో తెలియక మళ్లీ ఫ్రీజరులోకి తోస్తాడు. ఒక్కడికైతే ఒక్కడికి సరిపోయే డబ్బానే పెట్టండి.

అభ్యాసం. ఇది కాస్త ఓపిక అడుగుతుంది. వారం రోజులు భోజనాల దగ్గర, ఇంట్లో ఒక్కొక్కరు ఒక పూటకు పప్పు ఎన్ని గరిటెలు, పులుసు ఎన్ని గరిటెలు వేసుకుంటున్నారో రాయండి. అదే గరిటెతో మీ దగ్గరున్న ప్రతి డబ్బాలోనూ నీళ్లు పోసి, పైన వేలు మందం వదిలి ఎన్ని గరిటెలు పడతాయో కొలవండి. ఆ నీళ్ల మట్టం దగ్గర బయట గీత గీసి, డబ్బాను రాత్రంతా ఫ్రీజరులో ఉంచండి. పొద్దున మంచు గీత దాటి ఎంత లేచింది, మూతకు తగిలిందా, గడ్డ ఊడిందా లేదా అన్నవి డబ్బా పక్కన రాయండి. తగిలినవీ ఊడనివీ పోపుదినుసులకు ఇచ్చేయండి. ఈ పట్టీ లేకుండా అయిదో పాఠం మొదలుపెట్టకండి. అందులో కొలతలన్నీ గరిటెల్లోనే ఉంటాయి.