మన ఇంటి కిటికీలు, 3వ పాఠం: మార్చాలా, బాగు చేయించాలా?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఇంట్లో ప్రతి కిటికీకీ ఒక నంబరు ఇచ్చి, అది ఏ దిక్కున ఉంది, ఎప్పుడు పెట్టించారు, వానొస్తే నీళ్లొస్తాయా లేదా అని నోటుబుక్కులో రాసుకోమన్నాను కదా. రాయకపోతే ముందు అది రాసి రండి, ఎందుకంటే ఇవాళ ఆ పేజీ చేత్తో పట్టుకుని ఒక్కో కిటికీ దగ్గరికీ వెళ్లి చూడాలి. సన్న స్క్రూడ్రైవరు, కొలిచే టేపు, అగరబత్తి, మగ్గుతో నీళ్లు, ఫోన్ టార్చి ఉంటే చాలు.

ముందు ఒక సంగతి. కిటికీలో రెక్క వేరు, ఫ్రేము వేరు. రెక్క పట్టేసినా, అద్దం పగిలినా, బందులు వదులైనా, గడియ పడకపోయినా అవన్నీ రిపేరుతో పోయేవే, వడ్రంగి ఒక పూటలో చేసేస్తాడు. ఫ్రేము అలా కాదు, అది ఇనప బద్దలతో గోడలో పాతుకుని ఉంటుంది (మేస్త్రీలు హోల్డ్‌ఫాస్టులు అంటారు), దాన్ని తీయాలంటే గోడ చెక్కాలి, మళ్లీ ప్లాస్టరింగు, మళ్లీ రంగు, అసలు ఖర్చంతా అక్కడే. అందుకే మార్చాలా వద్దా అనేది రెక్కను చూసి కాదు, ఫ్రేమును చూసి తేల్చుకోవాలి.

విశాఖలో మా పిన్ని వాళ్ల ఇల్లు పాతది, ఎనిమిది చెక్క కిటికీలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి అద్దాలు పోతే అప్పుడు అద్దాలు మాత్రం వేయించుకున్నారు. ఈమధ్య ఒక షాపతను వచ్చి గుమ్మం దగ్గర నుంచే చూసి, అన్నీ తీసేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ రకం) పెట్టేద్దాం అమ్మా అని కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. ఒక్క కిటికీ కూడా ముట్టుకుని చూడలేదు! నాకు చాలా బాధేసింది, ఎందుకంటే వాటిలో సగం మంచి టేకు, ఇప్పుడు కొనాలన్నా అలాంటి కర్ర తేలిగ్గా దొరకదు. ఆ ఆదివారం పొద్దున్నే వెళ్లి పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చూశాను.

చెక్క ఫ్రేము అయితే స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాల్సింది కింది కమ్మీ (ఫ్రేము అడుగున ఉండే అడ్డకర్ర) రెండు మూలల్లో, నిలువు కమ్మీ వచ్చి కలిసే చోట, ఇంకా ఇనప ఊచలు చెక్కలోకి దిగే చోట. నీళ్లు నిలిచేది అక్కడే. సుత్తి వద్దు, చేత్తో నొక్కితే చాలు. మొన టక్కుమని ఆగిపోతే కర్ర గట్టిగా ఉన్నట్టే. సెంటీమీటరు దాటి మెత్తగా దిగిపోతే కుళ్లినట్టు. పిన్ని వాళ్ల 6వ నంబరు కిటికీ సముద్రం వైపుది, పైన ఎనామిల్ నిగనిగలాడుతోంది, ఏ వంకా కనపడదు, మూలలో స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే నానిన రస్కులోకి దిగినట్టు పిడి దాకా వెళ్లిపోయింది, బయటికి లాగితే మొనకి తడి తడిగా గోధుమరంగు పొడి, పుట్టగొడుగుల వాసన. పిన్ని అది వాసన చూసి ఇన్నాళ్లూ ఈ గదిలో వచ్చే ముక్కవాసన దీనిదేనా అంది.

కుళ్లు కింది కమ్మీకే పరిమితమై నిలువు కమ్మీలు గట్టిగా ఉంటే, మంచి వడ్రంగి ఆ ముక్క వరకే కోసి కొత్త కర్ర అతుకు వేస్తాడు. నిలువు కమ్మీలోకి జానెడు పైకి పాకిందా, ఇక అతుకులు ఆగవు, మార్చేయండి.

చెదలు వేరే లెక్క. గోడ మీద మట్టి గీతలు పాకి ఫ్రేములోకి వెళ్తే, తట్టినప్పుడు డొల్ల చప్పుడొస్తే, ముందు గోడకీ నేలకీ మందు కొట్టించాలి, లేకపోతే కొత్త చెక్క ఫ్రేము పెట్టినా దాన్నీ తినేస్తాయి. గుండుసూది తలంత బెజ్జాలుండి కింద మెత్తటి పిండి రాలుతుంటే అది పుచ్చు. పిండి తుడిచేసి వారం తర్వాత చూడండి, మళ్లీ రాలితే పురుగు ఇంకా బతికే ఉన్నట్టు.

ఆగస్టులో రెక్క పట్టేసింది కదా అని వెంటనే చిత్రిక పట్టించకండి ప్లీజ్. చెమ్మకి కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలానికి మళ్లీ తగ్గుతుంది, వానల్లో చెక్కేస్తే ఏప్రిల్‌కి సందు తేలుతుంది. అన్ని కాలాల్లోనూ పట్టేస్తుంటే మాత్రం టేపుతో ఫ్రేము ఐమూలలు రెండూ కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. సెంటీమీటరు తేడా ఉండి, కిటికీ మూల నుంచి గోడ మీద ఏటవాలుగా పగులు కూడా ఉంటే కిటికీ మార్చి లాభం లేదు, ముందు ఇంజనీరుకి చూపించండి, కదిలింది గోడ.

సముద్రం దగ్గర ఇళ్లలో ఊచలు తప్పకుండా చూడాలి. తుప్పు అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది, అందుకే ఊచ దిగిన చోట చెక్క చీలుతుంది, సిమెంటు పెచ్చులు లేస్తాయి. పైపైన తుప్పయితే గీకి రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమరు) కొట్టండి. ఊచ మొదట్లో చేత్తో ఊపితే కదులుతుంటే అది దొంగ భయం కూడా, ఆలస్యం చేయొద్దు. అన్నట్టు పాత రంగు పొడిగా గీకకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న రూలు 2017 నవంబరు 1 నుంచి గానీ అమల్లోకి రాలేదు, పాత పొరల్లో ఎంతుందో ఎవరు చూశారు, తడిపి గీకండి, పిల్లల్ని ఆ గదిలోకి రానీయకండి.

అల్యూమినియం, యూపీవీసీ స్లైడింగు కిటికీల్లో నీళ్లు లోపలికొస్తే ముందు అనుమానించాల్సింది కింద ట్రాకుని. బయటి వైపు చిన్న చిన్న బెజ్జాలుంటాయి, ట్రాకులో పడ్డ వాననీళ్లు వాటిలోంచే బయటికి పోవాలి. దుమ్ము, చీమల మట్టి, సున్నం అడ్డం పడితే నీళ్లు నిండి హాల్లోకి దిగుతాయి, జనం దానికే కిటికీలు మార్చేస్తున్నారు. చీపురుపుల్లతో బెజ్జాలు శుభ్రం చేసి మగ్గుడు నీళ్లు ట్రాకులో పోయండి, బయటికి జారిపోతే మీ కిటికీ బాగున్నట్టే. రోలర్లు, రబ్బరు, బ్రష్షు విడిగా దొరుకుతాయి. యూపీవీసీ పసుపెక్కి, వేలితో రుద్దితే సుద్దలా తెల్లపొడి అంటి, మూలల అతుకులు విడిపోయి ఉంటే అది మార్చే బాపతే.

చివర్లో అగరబత్తి. బయటి తలుపులు, కిటికీలు అన్నీ వేసి, గదుల మధ్య తలుపులు తెరిచి ఉంచి, వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను ఆన్ చేసి, వెలిగించిన అగరబత్తిని కిటికీ అంచుల వెంట మెల్లగా తిప్పండి, పొగ ఎక్కడ లోపలికి వంగితే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. రెక్కకీ ఫ్రేముకీ మధ్యైతే రబ్బరు పట్టీ చాలు, ఫ్రేముకీ గోడకీ మధ్యైతే సిలికాన్ సీలెంటు.

పిన్ని వాళ్ల ఎనిమిదింట్లో మార్చాల్సినవి రెండే, 6, 7 నంబర్లు. ఒకదానికి కింది కమ్మీ అతుకు, మిగతావాటికి బందులు, లప్పం, రంగు.

మీ నోటుబుక్కులో ప్రతి నంబరు పక్కన మా, బా, వద్దు అని మూడింట్లో ఒకటి రాయండి, మా అంటే మార్చాలి, బా అంటే బాగుచేయాలి, వద్దు అంటే ఏమీ చేయక్కర్లేదు. తేలనిదానికి తేదీ వేసి వదిలేయండి, చిత్త కార్తె వానల్లో ఒకసారి, రోహిణి కార్తె ఎండల్లో ఒకసారి మళ్లీ చూద్దురు. మా అని రాసినవాటి కొలతలు ఇప్పుడే తీసేయకండి, గోడ సందు కొలవడంలో చాలామంది తప్పు చేసేది ఏమిటో 4వ పాఠంలో టేపు పట్టుకునే కూర్చుందాం.